ఆండాలు చదివిన చార్టు

“ఇయ్యాల దీని పేరు కొట్టేస్తున్న,” అంది పెద్ద పంతులమ్మ రుక్మాబాయి, బడి వరండాలో హాజరు పుస్తకం తెరుస్తూ. “మూడేండ్ల సంది ఒకటో తరగతే. రాజమణీ, తీస్కపో నీ బిడ్డను. బర్లకాడన్న పనికొస్తది.”

పాలమ్ముకునే రాజమణి కొంగు నోట్లో కుక్కుకుంది. పక్కనే ఎనిమిదేళ్ల ఆండాలు, పలకను గుండెకు హత్తుకుని నిలబడింది.

విమలాదేవి ముందుకొచ్చింది. ఆమె ఇంకా పంతులమ్మ కాదు. ట్రైనింగు స్కూలు నుంచి ఈ శాలిబండ బడికి నెల్లాళ్లు పాఠాలు చెప్పడానికి వచ్చింది. రుక్మాబాయి మంచిమాట రాస్తేనే సర్టిఫికెట్టు. అయినా నోరు ఊరుకుంటేగా!

“అమ్మా, పిల్లకు బుద్ధి తక్కువ కాదు. కండ్లే ఆనుతలేవేమో. పలక ముక్కుకాడ పెట్టుకుంటది. బోర్డు చూడమంటె కండ్లు చికిలిస్తది. గిసొంటి పిల్లల సంగతి మాకు ట్రైనింగుల చెప్పిన్రు.”

“చెప్పిన్రా? అయితె నా ముంగటనే చూపియ్. తప్పయితె నీ కాయితం మీద గూడ రాస్త.”

విమలాదేవి తాను గీసిన అక్షరాల చార్టు గోడకు తగిలించింది. పై వరసలో గుమ్మడికాయలంత అక్షరాలు, అట్టడుగున ఆవగింజలంత. ఇరవై అడుగుల అవతల సుద్దతో గీత గీసి, పిల్లల్ని ఒక్కొక్కరినే అక్కడ నిలబెట్టింది. అందరూ గొంతెత్తి చదివారు. ఆ బడిలో చదువంటే అదే మరి, ఒకరు గట్టిగా చదవాలి, మిగతావాళ్లు వినాలి. అందరికీ వాచకాలు కొనే తాహతు ఎక్కడిది?

ఆఖరున ఆండాలు వంతు. ఒక కంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, ఎక్కాలు అప్పజెప్పినట్టు గడగడా చదివేసింది. ఆవగింజల వరసతో సహా. ఒక్క తప్పు లేదు.

“కండ్లు మంచిగనే ఉన్నయి గదనే! మరేం రోగమే నీకు?” రాజమణి బావురుమంది.

“అయ్యిందా నీ ట్రైనింగు?” రుక్మాబాయి నవ్వి, కలం సిరాలో ముంచింది.

విమలాదేవి చెవులు ఎర్రబడ్డాయి. అనవసరంగా తలదూర్చి పిల్ల కొంప ముంచానా? అంతలో ఏదో తట్టింది.

“ఒక్క నిమిషం ఆగుండ్రి అమ్మా!”

గబగబా గోడ దాకా వెళ్లి వచ్చింది. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

“ఆండాలూ, ఇంకోసారి చదువు బిడ్డా. ఫికర్ చెయ్యకు, నిమ్మళంగ.”

పిల్ల మళ్లీ ఒక కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మొదలుపెట్టింది. మొదటి వరస. రెండో వరస. వెనక కిసుక్కుమన్న పిల్లలు చప్పున నోళ్లు మూసుకున్నారు. ఆండాలు ఆగలేదు. ఆవగింజల వరస కూడా పొల్లుపోకుండా చదివి, ఈసారైనా మెచ్చుకుంటారేమోనని చూసింది.

రుక్మాబాయి తలెత్తింది. కలం పట్టిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

ఎదురుగా ఉన్నది వట్టి గోడ. చార్టు చుట్టచుట్టి విమలాదేవి వీపు వెనక ఉంది.