నత్తల పులుసు కొట్లో మూడు రోజులు

"ఇరవై మూడు," అని గొణుక్కుంటూ నోటుపుస్తకంలో గీత గీసి, వెయ్ గ్వాంగ్‌షెంగ్ చల్లారిపోయిన నూడుల్స్ గిన్నెను మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు.

కొట్టు తలుపు పక్కన అద్దె పవర్ బ్యాంకుల పెట్టె ఉంది. ఫోను చూపించి ఒకటి తీసుకోవడం, గంటకు నాలుగు యువాన్లు, పనయ్యాక మళ్లీ అందులోనే దూర్చడం. ఇప్పుడు తీసుకున్నది ఎర్ర మఫ్లర్ ఆవిడ. నిన్నా తీసుకుంది, మొన్నా తీసుకుంది.

"ఏం అన్నా, మూడు రోజులుగా కుర్చీ అరగదీస్తున్నావు? ఇంట్లోంచి తరిమేశారా?" కొట్టు యజమానురాలు ఛిన్ అక్క బల్ల తుడుస్తూ అడిగింది.

"నీ నత్తల పులుసు రుచి వదలడం లేదక్కా."

"అబద్ధమైనా అతికినట్టుండాలి. ఈమధ్య అందరూ నీలాగే తయారయ్యారు. తినేది ఒక్క గిన్నె, కూర్చునేది పూటంతా!"

నిజం చెప్పకూడదు. ఈ పెట్టెలు అమ్మే కంపెనీ ఏజెంటు మో ముందే హెచ్చరించాడు. "నా మాట నమ్మకండి మాస్టారూ. ఛిన్ కొట్లో కూర్చుని మీరే లెక్కపెట్టుకోండి. ఎందుకొచ్చారో మాత్రం ఎవరితోనూ అనొద్దు, పోటీకొస్తారు." ఈ కాలంలో ఇంత నిజాయితీపరుడా అని వెయ్ ముచ్చటపడ్డాడు.

ఇరవై ఆరేళ్లు లియూజౌలో సిటీ బస్సు నడిపాడు. ఉద్యోగం ఊడినప్పుడు చేతిలో పెట్టిన సొమ్ము తప్ప మరో దిక్కు లేదు. మోకాళ్లు అరిగాయి, మళ్లీ స్టీరింగు పట్టే ఓపిక లేదు. పెట్టెలు కొని కొట్లలో పెడితే కూర్చున్నచోటికే అద్దె వస్తుందంటే, అలసిన ప్రాణానికి అంతకన్నా ఏం కావాలి!

భార్య లీహ్వా ఫోను చేసింది. "ఏమయ్యా, ఏమైనా తేలిందా?"

"గిరాకీ బాగానే ఉందే. ఏ బల్ల చూసినా ఒకరు వైరు తగిలించుకుని కూర్చున్నారు."

"ముందూ వెనకా చూసుకో. అది కాస్తా పోతే మనం వీధినే పడతాం."

"మూడు రోజులుగా చూస్తున్నది అదేగా!"

"సరే, ఇంటికొచ్చేటప్పుడు ఆ కోటు బయటే విప్పు. ఆ పులుసులో వేసే పులిసిన వెదురు చిగుళ్ల కంపు భరించలేక చస్తున్నాను."

"ఉండవే, నా ఫోనూ చచ్చేలా ఉంది."

పొద్దుటినుంచీ ఒకేచోట కూర్చుని ఫోను గెలుకుతుంటే ఛార్జింగు ఎక్కడ నిలుస్తుంది? ఉస్సురంటూ లేచి తనూ ఒక పవర్ బ్యాంకు తీసుకున్నాడు. రోజూ ఇదే వరస. కానీ తనను మాత్రం లెక్కలో కలుపుకోలేదు. అది దొంగ లెక్క అవుతుంది కదా!

సాయంత్రం కంపెనీ ఆఫీసులో సంతకం పెట్టాడు. ఫోను మీద వేలు నొక్కగానే ఇరవై ఆరేళ్ల కష్టం వెళ్లిపోయింది.

"శుభం మాస్టారూ! లోపల కొత్త యజమానులకు శిక్షణ మొదలవుతోంది, రండి," అంటూ మో పక్క గది తలుపు తీశాడు.

గుప్పుమని నత్తల పులుసు వాసన. తన కోటుదే అనుకుని, వెయ్ సిగ్గుపడుతూ తల వంచుకుని వెనక వరసలో కూలబడ్డాడు. పక్క కుర్చీలోంచి ఎర్ర మఫ్లర్ ఆవిడ అతని మొహంలోకి చూసింది. సంచిలోంచి చిన్న నోటుపుస్తకం తీసి, వేలితో గీతలు వెతికింది.

"మీరు నా లెక్కలో పదకొండో గిరాకీ కదూ?"