పూలకొండ మీద సీటు

ఉడుతపిల్ల మిణుకుకి రెండు వైద్యబడుల్లో సీటొచ్చింది. బురదగట్టున ఎలుగుబంటి బడిలో పొద్దస్తమానం రోగుల మూలుగులే. పూలకొండ మీద నెమలి బడిలో పారిజాతాల వాన.

“అమ్మమ్మా, నెమలిగారి చేతిలో ఇంతవరకూ ఒక్క రోగీ పోలేదట!”

“ఎంతమంది వచ్చారే?”

“ఒక్కరూ రాలేదు. ఎంత ప్రశాంతమో!”

“హస్తవాసి రోగుల్ని ముట్టుకుంటేనే వస్తుందే తల్లీ,” అంది అమ్మమ్మ, కుంటుకుంటూ. “సర్లే, ఎక్కడ చదివినా నా కాల్లో ముల్లు మాత్రం నీ చేత్తోనే తీయించుకుంటా.”

మిణుకు పూలకొండే ఎక్కింది. మళ్ళీ వసంతానికి నెమలీక తురాయి పెట్టుకుని దిగింది. చుట్టాలంతా “డాక్టరమ్మా!” అన్నారు. అమ్మమ్మ మురిసిపోతూ, వాచిన కాలు చాపింది.

చీము చూడగానే మిణుకు కళ్ళు మూసుకుంది. “అమ్మమ్మా, ఎలుగుబంటిగారి హస్తవాసి మంచిదట. పిలవనా?”