రెండో రంగసామి

"అమ్మిణీ, మీ కంప్యూటర్లో నేను సచ్చిపోయినానంట!"

కిటికీ అవతల అరవై దాటిన పెద్దాయన నవ్వుతున్నాడు. పేరు ఆర్. రంగసామి. మేట్టుపాళయం నుంచి బస్సులో కోయంబత్తూరు ఆస్పత్రికి వచ్చాడు.

కిటికీ ఇవతల కూర్చున్న చారులతకు నవ్వు రాలేదు.

ఆస్పత్రి రికార్డులు చూసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆమె పని, ఒకే మనిషికి పడిన రెండు ఫైళ్లను కలపడం. పోయిన నెల ఒకే పేరు, ఒకే ఇనిషియల్, ఒకే ఇంటి నంబరు కనిపిస్తే కలిపేసింది. అందులో ఒక ఫైలు చనిపోయినవాడిది.

"పోయినోడు మా పెద్దనాయన కొడుకు. ఇద్దరికీ తాత పేరే పెట్టినారు. మనోళ్ళ సంగతి నీకు తెలియనిదా?"

తెలుసు. తన ఇంట్లోనే ఇద్దరు వేదవల్లులున్నారు. తెలిసీ చేసిన తప్పు కాబట్టే మరీ సిగ్గేసింది.

కలిపిన ఫైలు విడదీస్తే తప్పు తన పేరున పడుతుంది. ఇప్పటికే రెండు పడ్డాయి. మూడోది పడితే, ఉద్యోగం మానకూడదని కంపెనీకి రాసిచ్చిన బాండు ఇంకో ఏడాది పెరుగుతుంది. తన చదువు సర్టిఫికెట్లేమో కంపెనీ బీరువాలో ఉన్నాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"బ్రతికున్నట్టు సర్టిఫికెట్ తెండయ్యా."

మర్నాడు తెచ్చాడు.

"దీని మీద సీలు లేదే!"

సీలు వేయించుకుని మూడోసారి వచ్చాడు.

"పై ఆఫీసుకు పంపాలయ్యా." అబద్ధం.

"నాకు మందూ మాత్రా వద్దమ్మిణీ. నా ఫోనుకు పిలుపొస్తే సాలు. అరవై అయిదు నిండితే ఇంకెవురు పిలుస్తారు? రెండేండ్లే ఉండాది. ఎందుకంటే..."

"వెనక జనం ఉన్నారయ్యా!"

నంబరు చీటీ మీద రాసిచ్చి వెళ్ళాడు. ఆస్పత్రివాళ్ళు ఫోన్ చేసి పిలిచే ఉచిత చెకప్పు కోసం ఇంత ఆరాటమా అని విసుక్కుంటూ చీటీ నలిపి బుట్టలో వేసింది.

వారం తర్వాత బ్లడ్ బ్యాంకు ముత్తులక్ష్మి పరుగెత్తుకొచ్చింది.

"చారూ, కాన్పు కేసు. బాంబే గ్రూపు రక్తం కావాల, వేలల్లో ఒకరికుండేది, వేరే ఏ గ్రూపూ ఎక్కించకూడదు. గంట కూడా టైము లేదు. మన జిల్లా లిస్టులో ఒకాయన ఉండేవాడే, ఇప్పుడు కనబడలే!"

"లిస్టు బ్రతికున్నవాళ్ళనే చూపిస్తుందక్కా..." అంటూ ఆగిపోయింది.

రంగసామి ఫైలు తెరిచింది. తానెన్నడూ చూడని చివరి పేజీలో ఉంది. బాంబే గ్రూపు. రక్తం ఇచ్చింది ముప్పై ఎనిమిది సార్లు. అరవై అయిదు నిండితే ఇక తీసుకోరు.

పడితే పడనీ అనుకుని ఫైలు విడదీసింది. ఫోన్ నంబరు మాత్రం పోయినవాడిదే మిగిలింది. చేస్తే, వాడుకలో లేదంది.

బుట్ట వైపు చూసింది. ఖాళీ.

జిల్లా లిస్టు మొత్తంలో ఆ రక్తం ఉన్న ఒకే ఒక్క మనిషి, తాను బ్రతికే ఉన్నానని చెప్పుకోడానికి మూడుసార్లు బస్సెక్కి ఆమె దగ్గరికే వచ్చాడు.