దించిన చూపు

"ఆ ఫిల్ముని ఆ మిషన్లో పెట్టకు బాబూ."

జ్ఞానప్రకాశం తలెత్తి చూశాడు.

స్టూడియో గుమ్మంలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. మాసిన పంచె, చంకలో గొడుగు, దళసరి కళ్ళద్దాలు. కాస్త తల వంచి, అద్దాల పైనుంచి కళ్ళు దించి, కుర్చీలో ఉన్న తనవంకే చూస్తున్నాడు.

ఆ చూపు ఎక్కడో చూసినట్టే ఉంది. ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

తొంభై తొమ్మిది మే నెల. బెంగాలీల మధ్య తెలుగువాళ్ళుండే రైల్వే ఊరు అది. ఝపటాపూర్‌లోని అతని చిన్న స్టూడియోకి అంతకు నాలుగు రోజుల ముందే కలకత్తా డీలరు రెండు స్కానర్లు తెచ్చి దింపాడు. ఒకటి అద్దం పలకమీద పరిచి మూత వేసే ఫ్లాట్‌బెడ్. రెండోది అచ్చంగా ఫిల్ము కోసమే చేసిన మిషను.

"వాడి చూడు దాదా. శనివారం వస్తాను. ఒకటి ఉంచుకో, ఒకటి ఇచ్చెయ్" అని వెళ్ళాడు.

ఏది మంచిదో తేల్చుకోవడానికి జ్ఞానప్రకాశం తన ప్రాణంలాంటి పాత నెగటివ్ ఫిల్మునే బయటికి తీశాడు.

ఆ ఫిల్ము తాలూకు ఫొటో పటం కట్టి గోడమీదే ఉంది. కుర్చీలో అమ్మ సూసన్న. ఒళ్ళో పసిగుడ్డుగా తను. అమ్మ తల వంచి, కళ్ళు దించి తనవంకే చూస్తోంది.

ఆ ఫొటో తీసిన మర్నాడే అమ్మ పోయిందట. పెంచిన పిన్ని ఎలీసమ్మ ఎప్పుడూ అదే మాట చెప్పేది.

"నిన్ను కళ్ళారా సూసుకున్నాకే పోనాదిరా."

తల్లి లేనివాడని స్కూల్లో ఎవరైనా ఎగతాళి చేస్తే జ్ఞానప్రకాశం ఇంటికొచ్చి ఆ పటం ముందు నిలబడేవాడు. అమ్మ నన్ను చూసింది అనుకుంటే చాలు, ఏడుపు ఆగిపోయేది. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చినా ఇప్పటికీ అంతే.

"ఏ మిషన్లో పెట్టాలో నీకేటి తెలుసు తాతా?"

"మిషన్లు తెల్దు. ఎలుగూ సీకటీ తెలుసు. ఆ పలక మిషన్ది మెత్తటి ఎలుగు. ఇది సూదిలాటి ఎలుగు బాబూ, దేన్నీ దాసదు. పాత నలుపు తెలుపు ఫిల్ముకి పలకే మంచిది."

కొత్త మిషను మోజులో ఉన్నవాడికి ముసలాయన మాట చెవికెక్కుతుందా?

ముసలాయన అతని జవాబు కోసం ఆగలేదు. నేరుగా గోడ దగ్గరికి నడిచి, ముక్కు తగిలేంత దగ్గరగా వంగి పటంవైపు చూశాడు. వేలితో అమ్మ కళ్ళు తడిమాడు.

జ్ఞానప్రకాశానికి ఒళ్ళు మండింది.

"సెయ్యి తియ్! మా అమ్మ అది. ఎల్లు, ముందు బయటికెల్లు!"

ముసలాయన గొడుగు చంకలో సర్దుకుని మెట్లు దిగిపోయాడు.

జ్ఞానప్రకాశం ముందు పలకమీదే వేశాడు. అమ్మ వచ్చింది. చూపు కూడా వచ్చింది. కాకపోతే కాస్త మసకగా ఉంది.

తర్వాత ఫిల్ము మిషన్లో పెట్టాడు.

మిషను సన్నగా మూలిగింది. బొమ్మ పైనుంచి ఒక్కో గీతే దిగసాగింది. పాపిట దిగింది. నుదురు దిగింది. కనుబొమలు దిగాయి.

కళ్ళు దిగాయి.

బొమ్మను పెద్దది చేశాడు. కళ్ళ చోట సన్నటి పెన్సిలు గీతలు, వందల కొద్దీ. వాటి వెనక అమ్మ రెప్పలు.

రెప్పలు మూసి ఉన్నాయి.

మళ్ళీ స్కాన్ చేశాడు. మళ్ళీ మూసే ఉన్నాయి. ఈసారి బిడ్డ చుట్టూ ఉన్న చెయ్యి కూడా కనిపించింది. ఆ చెయ్యి బిడ్డను పట్టుకోలేదు. దాన్ని చీరకొంగుతో కట్టి ఉంచారు.

గోడమీద అమ్మ తనను చూస్తూనే ఉంది. తెరమీద అమ్మ కళ్ళు తెరవలేదు.

రోడ్డుమీదికి పరిగెత్తాడు. ఎదురుగా సింహాచలమ్మ టీ బడ్డీ.

"గొడుగు తాత ఎటెల్నాడు?"

"టేసన్‌కి బాబూ. వాల్తేరు బండికి టైమైపోనాదన్నాడు. ఆయనకి కళ్ళు పోతన్నాయట పాపం. పూర్తిగా పోయీలోగా ఒక ఫొటో సూడాలని అంత దూరం నుండి వచ్చినాడట."

అతను చేరేసరికి ప్లాట్‌ఫారం చివర ఆఖరి పెట్టె మాత్రం కనిపించింది. ఆ పొడుగు ప్లాట్‌ఫారంలో సగం దాకా పరిగెత్తి ఆగిపోయాడు.

తిరిగొచ్చి ఫిల్ము మిషన్ని అట్టపెట్టెలో పెట్టి తాడు కట్టేశాడు. సాయంత్రం ఖరిదా పేటలో పిన్ని ఇంటికెళ్ళి ఆమె ముందు కూర్చున్నాడు.

"పిన్నీ, అమ్మ నన్ను సూసిందా?"

ఎలీసమ్మ అతని తల నిమిరింది.

"నువ్వు ఏడుపందుకోకముందే పోనాదిరా. నీకు తల్లి బొమ్మైనా ఉండాలని మీ నాన్న ఫొటో తీయించినాడు."

"మరి ఆ కళ్ళు?"

"ఆ ఫొటో తీసిన స్టూడియోలో ఒకడుండీవోడు, తవిటయ్యని, ఫిల్ముమీద పెన్సిల్తో గీసి టచింగ్ సేసీవోడు. 'కళ్ళు తెరిపిస్తాను గానీ, తల్లి బిడ్డని సూసీ సూపు నానెక్కడ తెచ్చీది?' అన్నాడు. అని నిన్ను ఒళ్ళోకి తీసుకున్నాడు. ఎదర అద్దం పెట్టుకున్నాడు. నీకేసి సూసీది, తలెత్తి అద్దంలో తన కళ్ళు సూసుకునీది, గీసీది. పొద్దల్లా అలాగే. ఆకరికి తన కళ్ళే మీ అమ్మకి పెట్టినాడు."

గుమ్మంలో నిలబడ్డ ముసలాయన చూపు తను ఎక్కడ చూశాడో జ్ఞానప్రకాశానికి అప్పుడు గుర్తొచ్చింది.