ముద్దలో వాటా

తలకి దెబ్బ తగిలినప్పటి నుంచీ మేస్త్రికి తిండంటేనే గిట్టడం లేదు.

పరంజా మీద నుంచి పడ్డ మనిషి బతికి బట్టకట్టాడు గానీ, నోరు మాత్రం తాళం వేసుకుంది. మెదడు కోలుకోవాలంటే ఒంటికి బలం పట్టాలని డైటీషియన్ రోజూ గుడ్డు, చేప, పప్పు మెత్తగా మెదిపి పంపుతోంది. ఆయన అటు తిరిగి పడుకుంటున్నాడు.

"శుక్రవారంలోగా తినకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సిందేనమ్మా" అంది నర్సు.

మేస్త్రి భార్య ముద్ద పట్టుకుని బుజ్జగిస్తూనే ఉంది.

సోమవారం మధ్యాహ్నం గళ్ళచొక్కా ఆయనొకడు చనువుగా వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"ఆహా, చేపేనా! ఘుమఘుమలు వరండా దాకా కొడుతున్నాయి!"

జేబులోంచి సొంత చెంచా తీశాడు. అడిగిన పాపాన పోలేదు. ఓ ముద్ద గుటుక్కుమనిపించాడు.

మేస్త్రి గుడ్లురిమాడు.

"నాది" అన్నాడు. కంచం దగ్గరికి లాక్కుని గబగబా తినేశాడు.

ఇదంతా తన బుజ్జగింపుల ఫలితమేనని భార్య తెగ మురిసిపోయింది.

మంగళవారం గుడ్డుకీ గళ్ళచొక్కా హాజరు. "ఇంత కమ్మగా ఎవరు వండారండీ!" మేస్త్రి కంచానికి చెయ్యి అడ్డం పెట్టుకుని నాలుగు ముద్దల్లో ఖాళీ చేశాడు.

బుధవారం ఆవిడ ఇక ఉండబట్టలేకపోయింది.

"ఇప్పుడిప్పుడే నాలుగు మెతుకులు తింటున్నాడు. అందులోనూ వాటాకి వస్తారా? మీ ఇంట్లో వండరా?"

"క్షమించండమ్మా, రుచికి ఆగలేకపోయాను." చెంచా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

గురువారం కంచం వచ్చింది. మేస్త్రి గుమ్మం వైపు చూసి చూసి, పక్కకి తిరిగి పడుకున్నాడు.

భార్యకి అప్పుడు తెలిసొచ్చింది. తనే ఓ చెంచా తీసుకుని, "అబ్బ, ఎంత బాగుందో!" అంటూ ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఆయన కంచమంతా ఆవిడ ముందుకి జరిపాడు.

"నువ్వు తిను."

ఆవిడ ఏడుపు ఆపుకుంటూ నర్సు దగ్గరికి పరిగెత్తింది.

"ఆ తిండిపోతుని పిలవండి!"

"మీరేదో అన్నారటగా. పొద్దున్నే పక్క ఊరి ఆసుపత్రికి వెళ్ళిపోయారు."

"అక్కడెవరి కంచం ఖాళీ చెయ్యడానికి?"

నర్సు తల అడ్డంగా ఊపింది.

"ఆరేళ్ళ కిందట ఆయన తలకీ ఇలాంటి దెబ్బే తగిలిందమ్మా, అప్పట్నుంచీ ఆయనకి రుచీ తెలీదు, వాసనా తెలీదు."