వెండి భరిణెలో క్రీము

పుట్టింటివాళ్లు పెట్టిన వెండి కుంకుమ భరిణె అంటే కొత్త పెళ్లికూతురు హంసినికి మహా మురిపెం. అద్దం ముందున్న సీసాలన్నీ వేలి చర్మాన్ని బట్టి వయసు తెలుసుకునేవే. పిల్లలు తాకితే మూత ఎర్రగా వెలిగి బిగుసుకుపోతుంది. భరిణెకి ఆ తెలివి లేదు. అయినా ముద్దొచ్చి, నిన్ననే తన ముఖం క్రీమంతా అందులోకి తీసి పెట్టుకుంది.

"అత్తా, మంట!"

ఆడపడుచు కూతురు, ఆరేళ్ల నైమిష, కందిపోయిన బుగ్గలతో నిలబడింది. చేతిలో మూత తీసిన భరిణె. అందులో ఉన్నది పాత చర్మాన్ని ఊడదీసే క్రీము! హంసిని పిల్లని ఎత్తుకుపోయి కుళాయి కింద ముఖం కడిగి కడిగి, చర్మం చూసి సలహా చెప్పే ఆ అద్దానికి చూపించింది.

"పై పొరే కందింది. ఇంకో పావుగంట కడగండి," అంది అద్దం.

హంసినికి ఊపిరి వచ్చింది. "ఎందుకు రాసుకున్నావే తల్లీ?"

"తెరుచుకుంది కదత్తా! తెరుచుకుంటే నాకు పడుతుందనేగా?"

పుట్టినప్పట్నుంచీ మూతల మాటే విన్న పిల్ల.

"ఇకనుంచి తెరుచుకున్నా సరే, ముందు నన్నడుగు."

"నువ్వు దేనికైనా సరే అంటావుగా!" నైమిష ముక్కు ఎగబీల్చింది. "అమ్మకి మాత్రం చెప్పకు. నిన్ను కూడా తిడుతుంది. సరేనా?"

ఆడపడుచు ముఖం కళ్లముందు మెదిలింది. హంసిని ఒక చేత్తో నీళ్లు చల్లుతూనే రెండో చేత్తో ఫోన్ అందుకుంది.

"సరే కాదు," అంది, ఆ ఇంట్లో మొదటిసారి.