మాగ్దాకి వచ్చిన తెలుగు

మాగ్దా గుమ్మం ముందు కూర్చుని కుడికాలికి బూటు తొడుక్కుంది. రాత్రి వానకి చెట్లపొదల వైపు నుంచి చల్లగాలి వీస్తోంది. ఎడమ బూటు అందుకోబోతుంటే మడమ మీద చురుక్కుమంది. గండుచీమ. కుట్టాల్సింది కుట్టేసి దర్జాగా వెళ్లిపోతోంది.

చీమే కదా అనుకుంటాం మనం. మాగ్దా ఒళ్లు అలా అనుకోలేదు. చూస్తుండగానే చీలమండ బూరెలా పొంగింది. మోకాలిదాకా దద్దుర్లు. పై పెదవి కూడా లావెక్కుతోంది.

ఆమె పోలండ్ నుంచి కొండాపూర్ ఆఫీసుకి వచ్చి నాలుగు నెలలు. తన ఊళ్లో అయితే ఎవర్ని పిలవాలో తెలుసు. ఇక్కడ దగ్గర్లో తెలిసింది వాచ్‌మన్ నర్సింహ, అతని భార్య, అంతే. ఊపిరాడక ఈ పరాయి దేశంలో పోతానేమోనని భయపడి, ఒంటి బూటుతో గేటు దగ్గరకి కుంటుకుంటూ వెళ్లింది.

"నర్సింహగారూ! పురుగు కుట్టింది!"

నర్సింహ భార్యతో కలిసి బియ్యం ఏరుతూ నేర్చుకున్న మాట. తప్పు లేకుండా అన్నందుకు అంత భయంలోనూ కాస్త గర్వపడింది.

నర్సింహ చేతిలో చాయ్ గ్లాసు జారిపోయింది.

"పురుగా! ఓ కనకలక్ష్మీ, ఉరుకు! మేడమ్‌కు పురుగు కుట్టిందే!"

అతని భార్య పరుగెత్తుకొచ్చి, మొగుడి భుజం మీది తువ్వాలు లాగి మాగ్దా మోకాలి కింద బిగించి కట్టింది. "నడవకు బిడ్డా! నడిస్తె పైకెక్కుతది!"

ఏది ఎక్కుతుందో ఎవరూ చెప్పలేదు. నర్సింహ ఆమెని అమాంతం ఎత్తి ఆటోలో కూలేశాడు.

"చిన్న పురుగు," అంది మాగ్దా, ధైర్యం తెచ్చుకుంటూ.

"చిన్నదైతెనే డేంజర్ మేడమ్!"

ఆ ధైర్యం కాస్తా పోయింది. కళ్లు మూసుకుంటే కనకలక్ష్మి గిల్లింది. "నిద్రపోకు బిడ్డా! మీ అమ్మ పేరేంది, చెప్పు!"

ఇక్కడి చీమలు ఇంత ఘోరమైనవా! మాగ్దా ఫోన్ తీసి వాళ్లమ్మకి పోలిష్‌లో కడసారి మాటలు రికార్డు చేసింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కనకలక్ష్మి ఆమెకంటే ఎక్కువ ఏడ్చింది.

దవాఖానలో నర్సింహ కేకలకి డాక్టరమ్మ పరుగున వచ్చింది.

"ఎలా ఉంది? నల్లగా ఉందా? పడగ ఉందా?"

పడగ అనే మాట మాగ్దాకి ఇంకా రాలేదు. కాగితం అడిగి బొమ్మ గీసింది. డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికి కాళ్లున్నాయేమిటి! ఇది గండుచీమ. పామన్నావేమయ్యా?"

"పామని నేనన్లే అమ్మా. పొద్దుపొద్దున దాని పేరెత్తుతమా? పురుగనే అన్న. మేడమే ఫస్ట్ అన్నది!"

డాక్టరమ్మ ముందు తువ్వాలు విప్పి, అలా కట్టకూడదని ఇద్దర్నీ చివాట్లు పెట్టింది. తర్వాత నవ్వాపుకుంటూ మాగ్దాకి చెప్పింది: ఇక్కడ పాముని పేరు పెట్టి పిలవరు, పిలిస్తే వస్తుందని భయం, అందుకే పురుగంటారు. మాగ్దా లావెక్కిన పెదవితోనే పగలబడి నవ్వింది. కనకలక్ష్మి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

ఇంజెక్షన్ చేసి, రెండు గంటలు కూర్చోబెట్టి పంపారు. దారి పొడుగునా ఆటోలో నవ్వులే. ఎవరో ఒకరు 'పురుగు' అనడం, అందరూ పడీపడీ నవ్వడం. బతికిపోయానన్న సంతోషంతో మాగ్దాకి ఒళ్లు తేలిపోతోంది.

ఇల్లు రాగానే నర్సింహ ముందు దూకాడు. "ఒంటి బూటుతోని ఎట్ల నడుస్తరు? ఆగుండ్రి, రెండోది తెస్త."

గుమ్మం దాకా వెళ్లి ఎడమ బూటు కోసం వంగాడు. వంగినవాడు అలాగే ఆగిపోయాడు. తర్వాత చప్పుడు కాకుండా ఒక్కొక్క అడుగే వెనక్కి వేశాడు.

"మేడమ్, ఆడనే ఉండుండ్రి," అన్నాడు గొంతు తగ్గించి, "దీంట్ల పురుగున్నది."